చిక్కడపల్లి మెట్ల మీద

తొంభైల్లో ఒకసారి యోగా నేర్పడానికి కాకినాడ నుంచి హైదరాబాదులోని చిక్కడపల్లి వెళ్లాను. మా చెల్లెలు పద్మ పోయి అప్పటికి నెల. అందరినీ శవాసనంలో పడుకోబెట్టి, "ఊపిరిని గమనించండి" అంటుంటే నాకు ఏడుపు ఆగలేదు. సిగ్గుతో బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

పక్కన ఇల్లు కడుతున్నారు. ఆ పనికి పాలమూరు నుంచి వచ్చిన ఒకామె ఇసుక తట్ట దించి నా దగ్గరికి వచ్చింది.

"ఎవరు పోయిన్రక్కా?"

చెప్పాను. పేరడిగింది. నా మెడ చుట్టూ చేతులు వేసి, "పద్మా, నా తల్లీ" అంటూ రాగం తీసి ఏడ్చింది. లోపలున్న ఆడవాళ్లూ వచ్చి మా చుట్టూ కూర్చున్నారు.

"ఒక్కదాన్నే ఏడ్వనియ్యమక్కా మా దిక్కు" అంది, కళ్లు తుడుచుకుని.

పద్మను ఎన్నడూ చూడని మనిషి ఆమె కోసం అంతగా ఏడ్చింది. తర్వాత తట్ట ఎత్తుకుని పనిలోకి వెళ్లిపోయింది. ఆ రోజు పాఠం మెట్ల మీదే ముగిసింది.