ఊతకర్ర కట్టిన మోకాలు

కూర్చోబెట్టి అన్నం పెడతామంటే సంతోషించే రకం కాదు నేను. పక్షవాతం రాకముందు ఇంట్లో నన్ను కాలుగాలిన పిల్లి అనేవారు. పొయ్యి మీద ఎసరు మరిగేలోపు చేనికి ఒకసారి పోయి వచ్చేదాన్ని. మాది తమిళనాడు; మా చేను వెల్లిచందై ఊరి పక్కన, ఇంటికి కూతవేటు దూరం. టమాటా కోతలప్పుడు సాలులోకి మొదట దిగేది నేనే. ఏ కాయ ఇవాళ కోయాలో, ఏది రేపటికి ఉంచాలో తాకి చూసి చెప్పేది కూడా నేనే. పాలకోడు మండీకి పోయిన మా పెట్టెల్లో పండు నలిగిందన్న మాట ఏనాడూ రాలేదు. అందులో నాకు గర్వం ఉండేది, ఇప్పటికీ ఉంది.

ఒక ఉదయం పేడ ఎత్తుతూ కుడిపక్కకు ఒరిగిపోయాను. ధర్మపురి ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మాట తిరిగి వచ్చింది, చెయ్యి సగం వచ్చింది, కుడికాలు మాత్రం నాది కానట్టే ఉండేది. నిలబడితే మోకాలు చటుక్కున మడతపడేది. పడ్డాను, లేచాను, మళ్ళీ పడ్డాను. వ్యాయామాలు చేయించమని, కొన్నాళ్ళకు మళ్ళీ తీసుకురమ్మని ఆసుపత్రిలో చెప్పింది మా ఆయన చెవికెక్కిందో లేదో. ఆయన మా మేనత్త కొడుకే, టమాటాను తక్కాళి అంటూ ఆ చేలోనే పెరిగిన మనిషి. వాలిన మొక్కకు ఊతకర్ర పాతి పురికొసతో కట్టడం ఒక్కటే ఆయనకు తెలిసిన వైద్యం. రెండు వెదురుబద్దలు నున్నగా చెక్కి, పాత పంచె చుట్టి, నా మోకాలికి ఇటూ అటూ పెట్టి బిగించాడు.

"ఇంక పడవులే," అన్నాడు. "ఎట్ల నిలబడిందో చూడు, తక్కాళి మొక్క మాదిరి."

నిజంగానే పడలేదు. ఆ సంతోషంలో రాత్రీ పగలూ కట్టు విప్పలేదు. చూడవచ్చిన చుట్టాలు కూడా మంచి పని చేశాడన్నారు. వారాలు గడిచాక విప్పితే కాలు చాచినది చాచినట్టే ఉండిపోయింది. మడవబోతే ప్రాణం పోయేంత నొప్పి.

అయినా నడుస్తున్నాను కదా అనుకున్నాను. కోతలు మొదలయ్యాయి, నాకు కుదురు లేదు. అందరూ పెట్టెలు ఎత్తే హడావుడిలో ఉండగా చేతికర్ర పట్టుకుని సాలులోకి దిగాను. ఇంట్లో గచ్చు మీద తెలియనిది అక్కడ తెలిసింది. వంగని కాలు నేరుగా ముందుకు రాదు, వేళ్ళు మట్టిని గీరుతాయి. నడుము ఎత్తి, దాన్ని పక్కకు విసిరి, కొడవలి తిప్పినట్టు తిప్పి తెచ్చుకోవాలి. అది తిరిగి వచ్చేదాకా ఎడమకాలు బరువంతా మోస్తూ వణుకుతుంది, కుడికాలు నేల తాకగానే ఎడమది గబుక్కున ముందుకు దూకుతుంది. ఊగవలసిన కుడిచెయ్యి రొమ్ముకు అతుక్కుపోతుంది. నా ఒంట్లో ఒకదాని మాట ఒకటి వినలేదు. సాలు చివర నిలబడి వెనక్కి చూస్తే, నా కుడికాలు తిరిగిన పక్క మొక్కలన్నీ కొమ్మలు విరిగి ఉన్నాయి, పచ్చికాయలు నేలరాలి ఉన్నాయి. కోసేవాళ్ళు వచ్చి విరిగిన కొమ్మలు ఏరి గట్టు మీద వేశారు. తిట్టినా బాగుండేది.

ఆసుపత్రికి తీసుకుపొమ్మని మా ఆయనతో పోరు పెట్టాను. అక్కడ వ్యాయామాలు చేయించే అమ్మాయి నా మోకాలు పట్టి చూసి అరవంలో నిదానంగా చెప్పింది. మోకాలు వంగితేనే కాలు పొట్టిదవుతుందట, పొట్టిదైతేనే నేల తగలకుండా ముందుకు వస్తుందట. పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేనంది, వంచడం మాత్రం మానొద్దంది. మా ఆయన తల వంచుకుని విన్నాడు. ఆ రోజు నుంచి పొద్దూ మాపూ బల్ల మీద కూర్చుని, గోనెపట్ట మీద మడమ పెట్టి వెనక్కి లాగుతున్నాను. పళ్ళు కొరుక్కుంటాను, ఎవరు ఎదురుపడితే వాళ్ళ మీద అరుస్తాను.

ఈసారి నారు నాటే ముందు చేను చూడబోయాను. మా ఆయన తాడు పట్టి సాళ్ళకు గీతలు గీస్తున్నాడు.

"ఏంది బావా, ఇంత వెడల్పు పెట్టినావు?"

"నీకోసమేనే. నీ కాలు తిరిగేదానికి జాగా ఉంటాది. నాలుగు మొక్కలు తక్కువైతే పోనీ."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఒళ్ళు మండింది. ఇంత ప్రేమ ఉన్న మనిషి మీద అంత కోపం ఎందుకొచ్చిందంటే, ఈ కాలు ఇంక వంగదని ఆయన మనసులో తీర్మానించుకుని దాన్ని నేల మీద గీసేశాడు.

"ఎప్పటి మాదిరే వెయ్యి. పాత కొలతే."

"మొక్కలు విరిగితే?"

"విరిగిన మొక్కకు కట్టు. నాకు కట్టొద్దు."

ఆయన గీసిన గీతలు కాలితో చెరిపేశాడు. తర్వాత తాడు చుట్టుకుని మొదటి గట్టుకు పోయి, పాత కొలతకు మేకు దిగగొట్టాడు. నేను గట్టు మీద కూర్చుని, మడమ మట్టిలో ఆనించి వెనక్కి లాగడం మొదలుపెట్టాను. కాయ ఎరుపెక్కేదాకా నాకు వ్యవధి ఉంది.