బాయి పెట్టిన కాటుక

నా చిన్నప్పుడు, దసరాకు ముందు వచ్చిన ఆదివారం, సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు నేనొక రాణిని ముట్టుకున్నాను. తారీఖు అడగకండి. నాకు అక్షరాలు వచ్చిందే నలభై దాటాక. గంటలు మాత్రం గోదావరిఖని బొగ్గుబాయి సైరనే నేర్పింది.

ఆ పొద్దున మా పక్కింటి కాక రాత్రి షిఫ్టు దిగి వచ్చి నాకొక బెల్లం ముక్క ఇవ్వబోయాడు. బొగ్గుబాయిలో తట్టలెత్తే మనిషి. ఎంత తోముకున్నా అరచేతి గీతల్లో నలుపు పోయేది కాదు. నేను చెయ్యి వెనక్కి లాక్కుని, వాకిట్లో అందరూ వింటుండగానే అన్నాను: "ఛీ, నీ చెయ్యి నల్లగున్నది. నాకొద్దు."

కాక నవ్వాడు గానీ ఆ బెల్లం నోట్లో వేసుకోలేదు, జేబులో పెట్టుకున్నాడు. మా అమ్మ అంతా చూసింది.

మధ్యాహ్నం కాలనీ మైదానంలో నాటకం మొదలైంది. రాణి రాగానే నాకు మతి పోయింది. పసుపుపచ్చటి ముఖం, అద్దాల కిరీటం, అంత దూరానికీ కనిపించే కాటుక కళ్లు. రాణమ్మను ఒక్కసారి ముట్టుకుంటానని ఏడుపు లంకించుకున్నాను. అమ్మ నవ్వు ఆపుకుంటూ నన్ను తెర వెనక్కి తీసుకుపోయింది.

రాణి కూర్చుని బీడీ తాగుతోంది. నేను పోయి కాళ్లకు మొక్కాను. గాజుల చెయ్యి నా ముందుకు వచ్చింది. నల్లటి గీతల అరచేయి, అందులో పొద్దుటి బెల్లం ముక్క.

"ఇప్పుడన్న తింటవా బిడ్డా?" కాక గొంతు!

"నువ్వు మోసం చేసినవ్ కాకా!"

పక్కనే కూర్చున్న హార్మోనియం తాత పకపకా నవ్వాడు. "ఇంత లావు ముక్కు చూసి గుర్తువట్టలే, పైకెల్లి మోసమట!"

కాక నవ్వలేదు. "వేషమని ఊరంత చాటినంక ఏసుకున్న బిడ్డా, మోసమెట్లయితది? రంగు గీ తాతది. చీర మీ అమ్మది, గదన్న చూసుకోకపోతివి. కాటుక ఒక్కటే నాది. గది నేను పెట్టుకోలే. బాయి పెట్టింది. కడిగినా పోదు."

నేను నోరు తెరుచుకుని చూసిన కళ్లు, పొద్దున నేనే ఛీ అన్న మనిషివే. బెల్లం తీసుకున్నాను. పంటి కింద బొగ్గు పొడి కరకరలాడింది. ఆయన చూస్తుండగా మొత్తం తిన్నాను. అప్పుడు నవ్వాడు కాక.

నాటకాలు, సినిమాలు నాకు ఇప్పటికీ ఇష్టమే. రంగు వేసుకున్నవాళ్ల మీద కోపం లేదు. రంగుకు మొక్కి, దాని కింది మనిషిని ఛీ అనేవాళ్లతోనే నా కొట్లాట. అది ఆనాడు నాతోనే మొదలైంది.

అప్పుడు తెర వెనుక ఉన్నది మా అమ్మ, హార్మోనియం తాత, పక్కింటి కాక, నేను. రాణిని కూడా కలిపితే ఐదుగురం.