చేతులు చూసే మామయ్య

మా మామయ్య మనుషుల మొహాలు చూడడు, చేతులు చూస్తాడు. ఈ మాట వినగానే కొత్తవాళ్ళు అరచెయ్యి చాపి, ఉద్యోగం ఎప్పుడొస్తుందో చెప్పమంటారు. మామయ్య ఆ చేతికి ఓ గ్లాసు అందించి నీళ్ళు తాగమంటాడు. వాళ్ళు తాగుతుంటే రెప్ప వెయ్యకుండా చూసి, "నోటిదాకా వచ్చాక కాస్త తడబడ్డారు. ఫర్వాలేదు, మీ వయసుకి బాగానే ఉంది" అంటాడు. వాళ్ళు మళ్ళీ ఆయన ఛాయలకి రారు.

ఆయన పనే అది. యూనివర్సిటీలో ఆయనకో గది, గదిలో ఓ బల్ల, బల్ల మీద నీళ్ళ జగ్గు, గ్లాసు, తాళం కప్ప, బొత్తాల చొక్కా ఉంటాయి. వచ్చినవాళ్ళ మణికట్టుకి వాచీలాంటి పట్టీ కట్టి నీళ్ళు పొయ్యమంటాడు, తాళం తియ్యమంటాడు, బొత్తాలు పెట్టమంటాడు. చెయ్యి ఎంత నునుపుగా కదిలిందో, ఎక్కడ కుదుపు పడిందో కంప్యూటర్ తెర మీద గీతగా వస్తుంది. పాతికేళ్ళవాళ్ళది కొత్తగా వేసిన తారు రోడ్డు, చిన్నపిల్లలదీ పెద్దవాళ్ళదీ గతుకుల రోడ్డు అని చెప్పేవాడు. ఏ వయసుకి ఎన్ని గతుకులు మామూలో తేల్చడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగం సాయంత్రానికి అయిపోతుందని మాత్రం ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

గడ్డం గీయించుకోవాలంటే ముందు సెలూన్ అద్దాల బయట నిలబడి, లోపల కత్తి ఎలా కదులుతోందో చాలాసేపు చూసేవాడు. ఒకచోట ఆయన్ని పన్నుల ఆఫీసు మనిషనుకుని, లోపలికి పిలిచి కుర్చీ వేసి కూల్‌డ్రింక్ ఇచ్చారు. ఆయన అది తాగి, ఇచ్చినవాడి మణికట్టు నచ్చలేదని పక్క సెలూన్‌కి వెళ్ళిపోయాడు.

ఒకసారి బస్సులో ఎవడో ఆయన పర్సు కొట్టేశాడు. పోలీస్ స్టేషన్‌లో దొంగ ఎలా ఉన్నాడని అడిగితే, మొహం చూడలేదు గానీ ఒక్క కుదుపు లేకుండా తీశాడని, అంత నునుపైన చెయ్యి ఈ మధ్య చూడలేదని చెప్పుకొచ్చాడు. దొరికితే ఓ గంట తన గదికి పంపమని బతిమాలాడట. ఎస్సై పెన్ను మూసేసి, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు.

అత్తయ్య పెళ్ళికి ముందు మందుల షాపులో పనిచేసేది. ఆవిడ మాత్రలు లెక్కపెట్టి కవర్లో వేసే తీరు చూసి మామయ్య లేని దగ్గు తెచ్చుకుని మరీ వెళ్ళేవాడు. "అందరి మొగుళ్ళూ కళ్ళు బాగున్నాయంటారు, నవ్వు బాగుందంటారు. ఈయన నా మోచెయ్యి బాగుందన్నారు" అని అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంటుంది. దెప్పుతూనే మోచెయ్యి చూసుకుంటుంది.

ఇక మా అమ్మ. మామయ్యకి సొంత అక్క. బడిలో కెమిస్ట్రీ చెబుతుంది. గాజు గొట్టంలోంచి చుక్క చుక్కగా యాసిడ్ వదలడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. అలాంటిది ఓ ఏడాది ఏమైందో, గ్లాసులు సగమే నింపడం మొదలుపెట్టింది. ఎవరైనా ఇంటికొస్తే కాఫీ నన్ను ఇమ్మనేది. అడిగితే మణికట్టు బెణికిందంది. బడిలో ల్యాబ్ క్లాసులు వేరేవాళ్ళకి ఇచ్చేసిందని, ఉద్యోగం మానేద్దామనుకుంటోందని నాన్న ద్వారా తెలిసింది. అమ్మమ్మకి చివరి రోజుల్లో చేతులు వణికే జబ్బు వచ్చింది. అన్నం కూడా అమ్మే తినిపించేది. తనకీ అదే మొదలైందని అమ్మ భయం. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే కస్సుమనేది. పేరు పెట్టించుకుంటే జబ్బు ఖాయమైపోతుందన్నట్టు ఉండేది ఆవిడ వరస.

ఆ రోజుల్లోనే ఓసారి మామయ్య మా ఇంటికొచ్చాడు. అమ్మ ఆయనకి మంచినీళ్ళు రెండు చేతులతో పట్టుకొచ్చి ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, చెట్ల మీద ఎండ గురించి మాట్లాడాడు. చేతుల గురించి ఒక్క ముక్క అనలేదు. ఆయనకే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం.

తర్వాతి వారం నుంచి ఆయన కాళ్ళకి బలపం కట్టుకున్నాడు. మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి తలుపూ కొట్టి, యూనివర్సిటీకి అన్ని వయసులవాళ్ళూ కావాలని, ఆదివారం రావాలని ప్రాణం తీశాడు. పసిపిల్లల తల్లులు, కాలేజీ అమ్మాయిలు, వాచ్‌మన్, కర్ర పట్టుకుని నడిచే పెద్దాయన, అందరూ వ్యానెక్కారు. అందరూ వెళ్తుంటే మా అమ్మ ఒక్కతే ఎలా ఉండిపోతుంది? చెయ్యి సంచిలో దాచుకుని వచ్చింది.

తన వంతు రాగానే అమ్మ, "మణికట్టు బెణికింది, నన్నొదిలెయ్" అంది.

"బెణికిన చెయ్యే కావాలక్కా. మాకు ఒక్కటీ దొరకలేదు" అన్నాడు మామయ్య.

అమ్మ జగ్గు ఎత్తింది. నీళ్ళు బల్లమీదంతా ఒలికాయి. మామయ్య తెర వైపు చూసి, గుడ్డతో బల్ల తుడిచి, "తర్వాత ఎవరండీ" అన్నాడు, అంతే. ఆ తర్వాత వచ్చిన వాచ్‌మన్ ఇంకా ఎక్కువ ఒలికించాడు. అమ్మ మొహంలోకి కాస్త రంగొచ్చింది.

రెండు రోజులాగి మామయ్య వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, నేను డాక్టర్ని కాదు. కానీ మన అమ్మ చెయ్యి ఒళ్ళో ఊరికే ఉన్నప్పుడు వణికేది, గ్లాసు పట్టుకుంటే తగ్గేది. నీది పని చేస్తున్నప్పుడే వణుకుతోంది, సన్నగా, వేగంగా. నీ ఈడువాళ్ళ గీతలతో పోల్చి చూశాను. ఇది అమ్మ జబ్బులా లేదు. రేపు నాతో ఆస్పత్రికి రా."

అమ్మ లేచి వెళ్ళి పొద్దున్న కట్టుకోవాల్సిన చీర తీసి పెట్టుకుంది.

మర్నాడు నాన్నా నేనూ కూడా వెళ్ళాం. డాక్టరమ్మ పరీక్షించి, రక్తం తీయించి, వేసుకుంటున్న మందులన్నీ చూపించమంది. అమ్మ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. ఆ మాత్ర మోతాదు ఎక్కువైపోయింది, వణుకు దానివల్లేనట. చిన్న మాత్ర రాసిచ్చి పంపేసింది. బయటికొచ్చాక అమ్మ ఆస్పత్రి మెట్ల మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నాన్న కూడా పక్కనే కూర్చుని ఊపిరి పీల్చుకున్నాడు. దారిన పోయేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని వెళ్ళారు. నెల తిరిగేసరికి అమ్మ చెయ్యి కుదుటపడింది, ల్యాబ్ క్లాసులు తిరిగి తీసుకుంది.

అసలు సంగతి అత్తయ్య నోటినుంచి జారింది. మామయ్యకి కావాల్సిన కొలతలన్నీ నిరుడే పూర్తయ్యాయట. మా అపార్ట్‌మెంట్‌వాళ్ళెవరూ యూనివర్సిటీకి అక్కర్లేదు. అక్క ఒక్కదాన్నే పిలిస్తే రాదని, పై అధికారి కాళ్ళావేళ్ళా పడి ఆదివారం గది తెరిపించుకుని, జనాన్నంతా తోలుకెళ్ళాడు.

అమ్మ ఆయన్ని నిలదీసింది. "నన్ను సూటిగా అడిగితే చెయ్యి చూపించేదాన్ని కాదుట్రా?"

"చూపించేదానివి కాదక్కా."

అమ్మ ఆలోచించింది. "కాదులే" అని ఒప్పుకుంది.

అంతలో బెల్ మోగింది. పై అంతస్తులో ఉండే రిటైర్డ్ హెడ్‌మాస్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాళ్ళావిడ గీత తనదానికన్నా నునుపుగా వచ్చిందని మామయ్య చెప్పాడట. అప్పట్నుంచి ఇంట్లో తన మాట చెల్లడం లేదని, వెంటనే మళ్ళీ కొలవాలని ఆయన గొడవ. మామయ్య బిక్కమొహం వేశాడు.

"దానికేం మాస్టారూ, ఆదివారం రండి" అంది మా అమ్మ. "వ్యాన్ నేను మాట్లాడతాను."