ప్లగ్గులక్క పట్టుకున్న మిస్సింగ్

షెడ్డులో ఆమెను అందరూ ప్లగ్గులక్క అనేవారు. షెడ్డు ఆమె బావగారిది, అంటే భర్తకు అన్నగారిది. ఆయన కార్లు బాగుచెయ్యడంలో పేరుమోసిన మేస్త్రి. విప్పిన సామానును కిరసనాయిల్లో కడగడం, మసిపట్టిన స్పార్కు ప్లగ్గులను తీగల బ్రష్షుతో రుద్దడం ఆమె పని. పద్నాలుగేళ్లు ఒకే పీట మీద కూర్చుని ఆ పని చేసింది. అన్నాళ్లూ చేతులతో పాటు కళ్లూ పనిచేశాయి. ప్లగ్గు మొన లేత గోధుమరంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు, పొడిమసి ఉంటే పెట్రోలు అతిగా తాగుతున్నట్టు, జిడ్డుగా ఉంటే ఆయిలు పైకెక్కుతున్నట్టు. ఆమె ఇట్టే చెప్పేసేది. "అక్క మళ్లీ జాతకం విప్పింది" అని మెకానిక్కులు నవ్వేవారు. నవ్వి, పక్కకు వెళ్లి ఆమె చెప్పిందే చూసుకునేవారు.

మంచం పట్టిన రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు కట్టే ఒక నర్సమ్మ ఉండేది. ఆవిడ కారు చాలా పాతది. తండ్రి నడిపిన బండి. అది రోడ్డు మీద దగ్గుతోందని, ముందుకు గుంజి వెనక్కి లాగుతోందని షెడ్డుకు తెచ్చింది. మిస్సింగ్, అంటే ప్లగ్గుల్లో నిప్పు సరిగ్గా పడటం లేదు, అన్నాడు మేస్త్రి. ప్లగ్గులు విప్పి అక్క పళ్లెంలో పడేశారు.

"ఇవి బాగానే ఉన్నాయి బావగారూ, రంగు చూడండి" అంది అక్క.

"నువ్వు కడుగమ్మా" అన్నాడు మేస్త్రి. కొత్తవి వేసి పంపాడు. వారానికే కారు తిరిగొచ్చింది. ఈసారి ప్లగ్గుల వైర్లు మార్చాడు. మూడోసారి కార్బురేటర్ విప్పి కడిగించాడు. ప్రతిసారీ షెడ్డులో ఇంజను బుద్ధిమంతుడిలా తిరిగేది. నీళ్ల ట్యాంకు దగ్గరి మిట్ట మీదకు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఎక్కించినా చిన్న తడబాటు లేదు. నాలుగోసారి నర్సమ్మ వచ్చేసరికి మేస్త్రికి విసుగొచ్చింది.

"బండిలో ఏమీ లేదమ్మా. మీరే క్లచ్చు మీంచి కాలు తియ్యకుండా నడుపుతున్నారేమో!"

నర్సమ్మ ముఖం ఎర్రబడింది. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందండీ. ఈ కారు నేను ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నాను. నిన్న ఒక పెద్దాయన నొప్పితో నాకోసం ఎదురుచూస్తుంటే నేను రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను. ఇక నావల్ల కాదు. రేపు పాత ఇనుములో వేసేస్తాను."

అక్క పీట మీంచి లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

"నర్సమ్మగారూ, అది ఎప్పుడు దగ్గుతుంది?"

నర్సమ్మ ఆమె వైపు తిరిగింది. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. "ఎప్పుడంటే... చదును రోడ్డు మీద, తాపీగా పోతున్నప్పుడు. గట్టిగా తొక్కితే సర్దుకుంటుంది. ఆగి ఉన్నప్పుడు అసలేమీ లేదు."

"బరువు లాగేటప్పుడు బాగుండి, షికారు పోయేటప్పుడు మిస్సవుతుందా? బద్ధకమేమో దానికి!" అని మేస్త్రి నవ్వాడు.

"నేనొకసారి కూర్చుని చూసొస్తాను బావగారూ" అంది అక్క. జవాబు వచ్చేలోపే కారెక్కింది.

గోడౌన్ల వెనక పొడుగాటి చదును రోడ్డుంది. నర్సమ్మ తాపీగా పోనిచ్చింది. ఠప్... ఠప్... కారు గుంజుకుంది. "తొక్కండి" అంది అక్క. దగ్గు మాయం. "కాలు తీసెయ్యండి." అప్పుడూ దగ్గు లేదు. మళ్లీ తాపీగా పోగానే ఠప్.

అక్క కళ్లు మూసుకుని ఆలోచించింది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో ఒక గుండ్రటి ప్లేటు ఉంటుంది. కార్బురేటర్ నుంచి సన్నటి రబ్బరు పైపు దానికి వస్తుంది. ఇంజను ఆ పైపులోంచి గాలి పీల్చినప్పుడు ప్లేటు కాస్త పక్కకు తిరిగి, ప్లగ్గుల్లో నిప్పు కాస్త ముందే పడుతుంది. బండి ఆగి ఉన్నా, కాలు పూర్తిగా తీసేసినా ఆ పీల్పు ఉండదు. పూర్తిగా తొక్కితే పడిపోతుంది. తాపీగా పోయేటప్పుడే గట్టిగా ఉంటుంది. ఈ సంగతి ఆమెకు పుస్తకం చెప్పలేదు. అలాంటివి కడిగి ఆరబెట్టినప్పుడు సరదాకు పైపు నోట పెట్టుకుని పీల్చి, ప్లేటు కదలడం ఎన్నోసార్లు చూసింది.

"ఆపండమ్మా. మీ సంచిలో ప్లాస్టరుందా?"

బానెట్ ఎత్తి, కార్బురేటర్ దగ్గర ఆ పైపు పీకి, అక్కడి రంధ్రాన్ని ప్లాస్టరుతో మూసింది. మళ్లీ బయల్దేరారు. రోడ్డు చివరి వరకూ ఒక్క ఠప్పు లేదు.

"పోయింది!" అని అరిచింది నర్సమ్మ.

"పోలేదండీ, దాక్కుంది. ఎక్కడ దాక్కుందో తెలిసింది."

షెడ్డుకు రాగానే సంగతి విని మేస్త్రి అన్నాడు, "ఇంకేం, ఆ పైపు అలాగే పీకేసి ఇచ్చేద్దాం."

"కాలు నొప్పంటే నడవడం మానెయ్యమన్నట్టుంటుంది బావగారూ. ప్లేటు తిరక్కపోతే బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మీటరు ఇవ్వండి."

డిస్ట్రిబ్యూటర్ మూత తీసింది. లోపల ప్లేటుకు వెళ్లే చిన్న వైరొకటి ఉంది, వేలెడు కూడా లేదు. దాని రెండు కొసలకూ మీటరు సూదులు ఆనించింది. కరెంటు పారుతోందన్నట్టు మీటరు కుయ్‌మంది. పైపు నోట పెట్టుకుని పీల్చింది. ప్లేటు కదిలింది, కూత ఆగిపోయింది. వదిలింది, మళ్లీ కుయ్. మెకానిక్కులంతా చేతిలో పని వదిలి చుట్టూ మూగారు.

"ఏదీ, ఇలా ఇవ్వు" అని మేస్త్రి పైపు లాక్కున్నాడు. మీసాలు పైపుకు అడ్డం పడుతుంటే బుగ్గలు లోపలికి పోయేలా పీల్చాడు. కూత ఆగింది. వదిలాడు, వచ్చింది. మూడుసార్లు చూసుకుని తల పైకెత్తాడు.

అక్క బ్లేడుతో ఆ వైరు తొడుగు చీల్చింది. పైకి కొత్త పెళ్లికొడుకులా ఉన్న వైరు లోపల పోగులన్నీ తెగి పచ్చటి పొడి రాలింది. "ఇస్త్రీపెట్టె వైరు మెడ దగ్గర ఇలాగే తెగుతుంది. మా ఇంట్లో ఎన్ని బాగుచేశానో" అంది. కదలడానికి కాస్త వదులు ఉంచి, మెత్తటి పోగుల వైరు కొత్తది అతికింది. ప్లాస్టరు తీసి, పైపు మళ్లీ తగిలించింది.

ఈసారి మేస్త్రి కూడా వెనక సీట్లో కూర్చున్నాడు. చదును రోడ్డు, తాపీ నడక. ఇంజను వెన్నలా సాగిపోయింది. రోడ్డు చివర నర్సమ్మ తిప్పబోతుంటే, "ఇంకొక్క చుట్టు వెయ్యండమ్మా" అన్నాడాయన. దిగాక నర్సమ్మకు రెండు చేతులూ జోడించాడు. "మీ కాలును అన్నాను, తప్పు నాది." తర్వాత మరదలి వైపు తిరిగాడు. "ఈ మాట మొదటిసారే చెప్పొచ్చుగా?"

"ప్లగ్గులు బాగున్నాయని చెప్పానుగా బావగారూ. మీరు కడగమన్నారు."

షెడ్డంతా గొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది మేస్త్రే.

సాయంత్రం ఇంట్లో అక్క ఆపకుండా చెబుతుంటే భర్త అన్నం కలపడం మరిచిపోయి విన్నాడు. అత్తగారు మాత్రం అంతా విని, "అయితే రేపట్నుంచి ఆ సామాన్లు మా పెద్దాడు కడుక్కుంటాడా?" అంది.

మేస్త్రి నిజంగానే కడిగాడు, నాలుగు రోజులు, కొత్త మనిషి దొరికేవరకూ. అక్కకు తలుపు పక్కన వెలుతురున్న చోటు, సొంత పనిముట్ల పెట్టె ఇచ్చాడు. ఆమెకిచ్చిన మొదటి వ్యాను రెండు రోజులు ఏడిపించింది గానీ, మూడోరోజు దారికొచ్చింది. పాత బండ్లవాళ్లు ఇప్పుడు పక్క ఊళ్ల నుంచి కూడా వస్తారు. కొందరైతే ఫోను ఇంజను దగ్గర పెట్టి, "వినక్కా" అంటారు.

మొన్న నర్సమ్మ అదే కారులో, దూరాన ఉన్న చెల్లెలింటికి రోజంతా నడుపుకుంటూ వెళ్లింది. దారంతా ఒక్క దగ్గూ లేదట. తిరుగు ప్రయాణంలో టైరు పంక్చరైతే మాత్రం, అక్కకు ఫోను కూడా చెయ్యకుండా తానే మార్చుకుని వచ్చేసింది.