ఒక్క ఊపిరి మనిషి

గాజు కార్ఖానాలో అతన్ని అందరూ ‘ఒక్కూపిరి’ అంటారు. ఇనప గొట్టం చివర కరిగిన గాజుముద్ద తీసుకుని, మిగతావాళ్లు ఆగి ఆగి ఊదే జాడీని అతను ఒక్క ఊపిరితో ఉబ్బించేవాడు. పొట్ట బిగించి ఆఖరి పిసరు గాలి దాకా పిండేవాడు. అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో టీ చల్లారాలని ఊదితే సగం సాసర్లో పడేది.

అలాంటి మనిషికి బీపీ వచ్చిందంటే నమ్ముతాడా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు బీపీ చూసే మిషన్ పాడైందన్నాడు. తర్వాత భార్య వేసే ఉప్పును తిట్టాడు. ఆవిడ ఉప్పు తగ్గిస్తే చప్పిడి తిండి పెడుతోందని మళ్లీ తిట్టాడు. మాత్రలు వేసుకున్నా బీపీ దిగలేదు. దిగేదాకా గొట్టం ముట్టొద్దని యజమాని తేల్చేశాక మాత్రం గుండె జారిపోయింది. గొట్టం పట్టకపోతే తనెవరు?

కూతురు వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్తే, పెద్ద డాక్టరమ్మ అతన్ని పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి వేసి, మామూలుగా ఊపిరి తీసి వదలమంది.

“ఎందుకండీ అంత నెడుతున్నారు? గాలి దానంతటదే పోతుంది కదా!”

“నెట్టకపోతే ఎలా పోద్దమ్మా?”

పక్కనున్న కూతురు ఫక్కున నవ్వింది. ఆ పిల్ల అదే కార్ఖానాలో జాడీల అంచులు నునుపు చేస్తుంది. డాక్టరమ్మ నవ్వకుండా, అతని చేతిని మెడ వెనక పుర్రె మొదట్లో ఆనించింది.

“ఇక్కడ లోపల, మెదడు వెన్నుపాముతో కలిసే చోట, కొన్ని నాడీకణాలుంటాయి. ఊరికే కూర్చున్నప్పుడు వాటికి పెద్దగా పనుండదు. గట్టిగా ఊదినా, దగ్గినా, నవ్వినా లేస్తాయి. జంతువుల మీద పరీక్షిస్తే, అవే రక్తనాళాల్ని కూడా బిగిస్తున్నాయని తేలింది. నాళాలు బిగిస్తే బీపీ పెరుగుతుంది. మీకూ అందుకే పెరిగిందని ఒట్టేసి చెప్పలేను. కానీ ఇంత బీపీతో అలా బిగబట్టి ఊదితే ప్రాణం మీదికొస్తుంది. మాత్రలు మారుస్తాను. గొట్టం మాత్రం ఇక ఎప్పటికీ వద్దు.”

ఆ చివరి మాట అతనికి వెంటనే ఎక్కలేదు. వేళ్లు మెడ వెనకే ఉండిపోయాయి.

“ఎంతుంటాయమ్మా అవి?”

“కంటికి ఆనవు.”

అతనికి ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లూ ఊపిరి తనదే, బలం తనదే అనుకుని మీసం మెలేశాడు. కంటికి ఆననివాళ్లెవరో లోపల కూర్చుని, తను అడిగిన గాలి ఇస్తూ, అడగని బిగువు కూడా ఒంటినిండా పంచుతున్నారేమో! మనిషి ఒంట్లో ఇంత ఉందా అని నోరు వెళ్లబెట్టాడు. భయం, దిగులు ఇంటికెళ్లే దారిలో వచ్చాయి.

మర్నాడు తన గొట్టం తీసుకెళ్లి కూతురి చేతిలో పెట్టాడు. నీ వల్ల కాదని అన్నేళ్లూ ఆ పిల్లను ముట్టనివ్వలేదు. ఆమె గాజుముద్ద అందుకుని, పెదవులు ఆనించి, అచ్చం తండ్రిలాగే పొట్ట బిగించింది. కార్ఖానా వాళ్లంతా భేష్ అన్నారు.

“వద్దు తల్లీ! ఆగి ఆగి ఊదు, నీకు దణ్ణం పెడతా,” అన్నాడు ఒక్కూపిరి. “నాలాగా ఊదకు.”