బల్ల మీద కొన్న ఎద్దు

మా ఆదివారం ఆటలో జంతువుల బతుకు చాలాకాలం దుర్భరంగా గడిచింది. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, ఎందుకంటే ఆ పాపంలో నా వాటా తక్కువ. నేను కథ చెప్పేదాన్ని. మా ఆయన, ఆయన ఆఫీసు స్నేహితుడు, దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోచింగ్ సెంటర్లోనే ఫిజిక్స్ చెప్పే అమ్మాయి, ఈ ముగ్గురూ ఆ కథలో వీరులు. ఎవరు ఏం చేస్తారో నోటితో చెప్తారు. అది జరిగే పనేనా అని అనుమానం వస్తే ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తాం. ఆట అంతే.

రూల్సు పుస్తకంలో ఒక పేజీ నిండా జంతువుల ధరలుంటాయి. వేటకుక్క ఇంత, గాడిద ఇంత, యుద్ధానికి తర్ఫీదైన గుర్రం ఇంత. మావాళ్ళు కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కట్ట అడిగినట్టు "రెండు కుక్కలు, ఒక మేక" అని కాగితం మీద రాసేసుకునేవాళ్ళు. మేకను ముందు నడిపిస్తే దారిలో గుంటలున్నాయో లేవో తెలుస్తుంది. కుక్కలను వెనక వదిలేస్తే తాము పారిపోవడానికి వీలవుతుంది. ఒకసారి గాడిదను గుహ బయట కట్టేసి లోపలికి పోయి, ఇంకో దారిన బయటపడి, దాని సంగతే మరిచిపోయారు. కిరాయి ఇంట్లో ఫ్యాన్‌కి కూడా అంతకన్నా మర్యాద ఉంటుంది.

ఇదంతా మార్చింది మా ఓనర్ ఆంటీ. ఎల్బీనగర్‌లో మేముండేది పైఅంతస్తు, ఆవిడ కింద ఉంటుంది. మా కాలనీ ప్లాట్లు కాకముందు వాళ్ళ చేలే. ఒక ఆదివారం మధ్యాహ్నం మావాళ్ళు "నరికెయ్, నరికెయ్" అని అరుస్తుంటే, నాకూ మా ఆయనకూ కొట్లాట అనుకుని ఆయాసపడుతూ పైకి వచ్చింది. ఆట అని తెలిశాక కుదుటపడి కుర్చీలో కూర్చుంది. సరిగ్గా అప్పుడే మా ఆయన బండి లాగడానికి ఒక ఎద్దును కాగితం మీద రాసుకుంటున్నాడు.

"ఎద్దును సూడకుండనే కొంటున్నరా?" అంది.

"పుస్తకంలో రేటు ఉందాంటీ," అన్నాడు ఆయన.

"రేటు సరే. ఎన్ని పళ్ళది?"

ముగ్గురూ నా వైపు చూశారు. నేను జువాలజీ చెప్తాను. పశువులకు పైవరసలో ముందు పళ్ళుండవని ఏటా బోర్డు మీద రాస్తాను. కింది వరస చూసి వయసు చెప్పడం మాత్రం నాకు రాదు. తోచినట్టు "నాలుగు" అన్నాను.

"ఇంక లేతనే ఉన్నది. ఒంటెద్దు బండికి అలవాటైందా, జోడుల నడిచిందా? జోడుల నడిచింది ఒక్కదాన్నే కడితే బెదుర్తది బిడ్డా."

మా పుస్తకంలో 'తర్ఫీదైనది' అని ఒక్క ముక్క ఉంది. అది రాసినవాళ్ళెవరో ఎద్దును దగ్గరగా చూసిన పాపాన పోయినట్టు లేదు. గంటన్నర సేపు నేను సంతలో ఎద్దులమ్మే మనిషినయ్యాను. నడిపించమంది, నడిపించాను. పడుకోబెట్టి లేపమంది. గిట్టలు చూసింది, నుదుటి మీద సుడి ఎక్కడుందో అడిగింది. మూడింటిని వద్దంది. నాలుగోది నచ్చాక మెడగంట, పలుపుతాడు, నెలరోజుల గడ్డి కొసరుగా ఇమ్మంది. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ. నేను ఇచ్చుకున్నాను. ఆ ఎద్దుకు పేరు కూడా ఆవిడే పెట్టింది.

ఆ తర్వాత ఆదివారాలు ఎంత బాగుండేవో చెప్పలేను. వారమంతా ర్యాంకుల గోలలో నలిగి, ఆ మధ్యాహ్నం కోసం ఎదురుచూసేదాన్ని. ఎద్దు ఏం చేస్తుందో చెప్పే అధికారం ఆవిడకిచ్చేశాం. పొంగుతున్న వాగులో మా ఆయన వీరుడు కొట్టుకుపోతుంటే "తోక పట్టుకోమను, అది ఒడ్డెక్కిస్తది" అంది, ఒడ్డెక్కించింది. మంటల్లోంచి బండి తోలదామని వాళ్ళు పట్టుబడితే "పోదు" అని ఒక్క మాట. అంతటి వీరులు నోరు మూసుకుని చుట్టుదారిన పోయారు. మలక్‌పేట నుంచి బస్సులో వచ్చే ఆఫీసు స్నేహితుడు అడుగుపెట్టగానే "ఎద్దు మంచిగుందా ఆంటీ?" అని అడిగేవాడు, తన వీరుడికి ఒంటినిండా గాయాలున్నా సరే.

ఒక ఆదివారం ఆవిడ పెద్ద అంబర్‌పేట్‌లో చుట్టాల గృహప్రవేశానికి పోయింది. పోతూ పోతూ మెట్ల మీద నిలబడి, "ఎద్దును గుహల కాడికి తోల్కపోకున్రి. ఊర్లనే ఉంచున్రి" అని చెప్పింది. మావాళ్ళు సరేనన్నారు. ఆటో వీధి మలుపు తిరిగిందో లేదో, గుహలో దొరికే సామాను మోయడానికి బండి కావాలన్నారు. ఎద్దును గుహ బయట మొద్దుకు కట్టేసి లోపలికి పోయారు. వీళ్ళు మారరు.

నాకు ఒక నియమం ఉంది. పాచిక బల్ల మీదే, అందరూ చూస్తుండగానే వేస్తాను, పడిందాన్ని మార్చను. మా ఆయన మొదటి వీరుడు చచ్చిపోయి ఆయన రెండురోజులు నాతో మాట్లాడకపోయినా మార్చలేదు. ఆరోజు అడవిలోంచి చిరుత వచ్చింది. కట్టేసి ఉన్న ఎద్దు తప్పించుకోవాలంటే పదిహేను దాటాలి. రెండు పడింది.

ఫిజిక్స్ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "ఆంటీకి ఎవరు చెప్తారు?" అన్నాడు స్నేహితుడు. "తాడు తెంపుకుని పోయిందని చెప్దాం," అన్నాడు మా ఆయన, "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు." ఆ మాట పెళ్ళి గురించి అన్నారు గానీ ఎద్దు గురించి కాదని కసిరాను. మర్నాడు కిందికి పోయి, చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆవిడ ముందు కూర్చుని, ఆ అబద్ధమే చెప్పాను.

ఆవిడ బాధపడుతుందనుకున్నాను. పడలేదు.

"తెంపుకున్నదా? పరేషాన్ కాకు టీచరమ్మా. పని నేర్చిన ఎద్దు తప్పిపోదు, ఇంటికే వస్తది. ఆ గుహకాడి నుంచి మీ ఊరు ఎన్ని దినాల తొవ్వ?"

"నాలుగు రోజులాంటీ."

"మేసుకుంట, ఆగుకుంట రావాలె గదా. ఆదివారం దాంక వస్తది."

ఆ వారం నాకు క్లాసులో మనసు నిలవలేదు. చచ్చిపోయిందని చెప్పి ఉంటే ఒకరోజు బాధపడి ఊరుకునేది. నేను చేసిన నిర్వాకం వల్ల ఇప్పుడు ఎదురుచూస్తోంది. ఎదురు పడినప్పుడల్లా "వస్తది, సూడు" అని నాకే ధైర్యం చెప్తోంది. ఆదివారం నిజం చెప్పేద్దామని గట్టిగా అనుకున్నాను. పడింది పడింది. ఈ ఒక్కసారికి మారిస్తే ఇక నా పాచికను ఎవరు నమ్ముతారు?

ఆదివారం అందరికన్నా ముందు ఆవిడే వచ్చి కూర్చుంది. మిగతావాళ్ళు వచ్చి సర్దుకోగానే, "వచ్చిందా?" అని అడిగింది.

"ఆంటీ, ఆ ఎద్దు..." అని మొదలుపెట్టాను.

"మాది గిట్లనే వచ్చింది," అంది ఆవిడ, నా మాట వినిపించుకోకుండా. "ఆఖరుకు ఒక్కటే మిగిలుండె. చేన్లు పోయినంక దాన్ని ఏం జేస్తం, అమ్మినం. మూడో దినం పొద్దుగాల వాకిలి ఊడ్వనీకి లేస్తే, మెడకు తెగిన తాడుతోని నిలబడ్డది. కొట్టం ఏది? అప్పటికే తీసేసి పిల్లర్లు లేపుతున్నరు. గీ ఇంటి పిల్లర్లే. అది పిల్లర్ల నడుమకు పోయి, ఎప్పుడు నిలబడే కాడనే నిలబడ్డది."

మా ఆయన చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"మావోళ్ళు మళ్ళ తోల్కపోయి కొన్నోనికి ఇచ్చొచ్చిన్రు. నాలుగు దినాలకు మళ్ళ వచ్చింది. మళ్ళ తోలిన్రు. నేను గూడ వద్దనలే. ఇల్లు లేవాలె గదా అనుకున్న. అటెన్క రాలే." కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది. "మీది వచ్చిందా బిడ్డా?"

ఫిజిక్స్ అమ్మాయి అలవాటుగా పాచిక నా ముందుకు జరిపింది. నేను దాన్ని ముట్టుకోలేదు.

"వచ్చిందాంటీ," అన్నాను. "పొద్దున్నే వచ్చింది. వాకిట్లో నిలబడి ఉంది."

అది చావడం కళ్ళారా చూసిన ముగ్గురూ నన్ను చూశారు. ఇన్నేళ్ళ నా నియమం పోయినందుకు బాధ కలుగుతుందేమో అని చూసుకున్నాను. కలగలేదు. హాయిగా అనిపించింది, అంతే.

ఆవిడ మాత్రం నవ్వలేదు. దాన్ని కొన్నది మా ఆయన పేరు మీద కదా, ఆయన వైపు తిరిగి అడిగింది.

"మళ్ళ తోల్తరా?"

మా ఆయన లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆయనకూ తెలియదనుకుంటాను.

"తోలమాంటీ," అన్నాడు. "ఇంక ఎక్కడికీ తోలం."