సరోజక్క తీసేసిన ప్లేటు

సరోజక్క రోజూ తెనాలిలో పొద్దుటి పాసింజరెక్కి బాపట్లలో మా ల్యాబుకి వచ్చేది. గాజుసామాను కడగడం, మేం బాక్టీరియా పెంచి వాడేసిన ప్లేట్లు ఆటోక్లేవ్‌లో ఉడికించి పారేయడం ఆమె పని. ఎవరూ చెప్పని పని ఇంకొకటి పెట్టుకుంది. ప్లేటులో బాక్టీరియా మొలవకపోతే మేం రాకముందే తీసేసి, బూజు పట్టింది, పారేశాననేది. రీసెర్చ్ చేసే ఆడపిల్లలు పొద్దున్నే ఖాళీ ప్లేటు చూసి ఏడుస్తుంటే ఆమెకు మనసొప్పేది కాదు.

2006లో నా థీసిస్ ఒక వరి జన్యువు దగ్గర ఆగిపోయింది. దాన్ని అతికించాల్సిన డీఎన్ఏ చుట్టలో ఒక విషపు జన్యువుంటుంది. ఆ చుట్టను బాక్టీరియాలోకి ఎక్కిస్తాం. మన జన్యువు విషపు జన్యువు చోట్లో కుదిరితే బాక్టీరియా బతుకుతుంది, లేకపోతే చస్తుంది. బతికి ప్లేటు మీద చుక్కలా మొలిచిందంటే మనదే, వెతుక్కోనక్కర్లేదు. నేనేమో ఆ విషానికి విరుగుడున్న రకం బాక్టీరియాను వాడి రెండు నెలలు తగలేశాను. అన్నీ బతికేశాయి, నాదేదో తేలలేదు. ఆ నిండు ప్లేట్లు చూసి అక్క తెగ మురిసిపోయింది.

విరుగుడు లేని రకం తెచ్చి వేసిన మర్నాడు నా ప్లేటు కనపళ్లేదు. బూజు పట్టిందంది. నిలదీస్తే, రెండే చుక్కలున్నాయని ఒప్పుకుంది. అప్పటికే ఉడికించేసింది. నాకసలే నోటిదురుసు. బుద్ధుందా అంటూ నానా మాటలూ అన్నాను. అక్క సీసాలు కడుగుతూనే కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. పదేళ్లుగా ఆమె చేత ప్లేట్లు మోయించుకుంటున్న ల్యాబులో, వాటిలో ఏం చూస్తామో ఒక్కరూ చెప్పలేదు. సిగ్గేసింది. వెళ్లి పక్కన కూర్చుని విషం సంగతి, విరుగుడు సంగతి అంతా చెప్పాను.

"అయితే నేను పారేసినవి బతికి బట్టకట్టినవా అమ్మా?" అంది. అవునక్కా అన్నాను.

ఆ డీఎన్ఏ ఇంకొక్కసారికే మిగిలింది. అదీ వేసేశాను. మర్నాడు వెళ్లేసరికి అక్క, ప్లేట్లు వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ ముందు స్టూలేసుకుని కూర్చుంది. తలుపు ముట్టుకోలేదు.

"నువ్వే చూడు అనుపమమ్మా. ఏమీ లేకపోతే ఇద్దరం కలిసే ఏడుద్దాం."

ఒకే ఒక్క చుక్క, ఆవగింజంత.  ప్లేటు ఆమె చేతిలో పెట్టాను. వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది.

"పిచ్చితల్లి, ఎట్టా తట్టుకుందో" అంది.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు.